ఎర్రమెట్టలో తొందరపడ్డ పిల్లలు

వరహాలుకి ఇరవై ఆరో వారం

ఈ ఎర్ర గ్రహం మీద రోజు భూమ్మీది రోజుకంటే కాస్త పొడుగు, సంవత్సరం దాదాపు రెండింతలు. ఏ తేదీ రాసినా ఎవరో ఒకరు తప్పు పడతారు. వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. అందుకని ఈ డైరీలో తేదీలు వేయడం మానేసి మా ఆడపడుచు కడుపుని కొలతగా పెట్టుకుంటున్నాను. వరహాలు మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. ఆ లెక్కలో పొరపాటు రాదు. రానివ్వను కూడా.

నా పేరు పైడితల్లి. ఎర్రమెట్ట ఆస్పత్రిలో పసిపిల్లల వార్డు నర్సుని. డాక్టర్ హెప్సిబా గారు నిన్న నా చేతిలో ఈ డైరీ పెట్టి, "యంత్రం బరువూ నాడీ రాసుకుంటుంది పైడీ. ఇళ్ళల్లో సంగతులు దానికి తెలీదు. అవి నువ్వు రాయి" అన్నారు. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని తూచేది నేనే కాబట్టి కాదనలేకపోయాను.

సంగతి ఇదీ. మా ఊళ్ళో జరిగిన చివరి తొమ్మిది కాన్పుల్లో ఎనిమిదింటికి నెలలు నిండలేదు. ఏడో నెలలో ఒకరు, ఎనిమిదిలో ఒకరు, ఎవరో తరుముతున్నట్టు వచ్చేస్తున్నారు. రత్నాలు కూతురు మూడో రోజున నా చేతుల్లోనే పోయింది. మిగతావాళ్ళు బతికారు, కానీ ఎలా బతికారో నాకు తెలుసు. పాలు చప్పరించే బలం ఉండదు. చెంచాతో చుక్క చుక్కగా పోస్తే మింగడం మరిచిపోయి నిద్రపోతారు. ఊపిరి తీసుకోవడం కూడా మధ్యలో మరిచిపోతారు. అప్పుడు అరికాలి మీద వేలితో తట్టి గుర్తు చేయాలి. వెళ్ళినప్పుడల్లా నేను ముందు పాదాలే ముట్టుకుని చూస్తాను. చల్లగా తగిలితే అవి వెచ్చబడేదాకా ఆ ఇల్లు కదలను.

తర్వాతి కాన్పు వరహాలుదే.

వరహాలుకి ఇరవై ఏడో వారం

అందరికీ ఒక కారణం కావాలి. నీళ్ళు అన్నారు. మంచు తవ్వి కరిగించి వడకట్టిన నీళ్ళని మూడుసార్లు పరీక్షించారు, ఏమీ లేదు. గాలి అన్నారు, పైనుంచి దిగే ఎర్రదుమ్ము అన్నారు. రెండూ చూశారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే కాన్పు ముందొస్తుంది కాబట్టి కడుపుతో ఉన్న ప్రతి మనిషికీ వారం వారం పరీక్ష చేశాను. చిగుళ్ళు పాడైనా వస్తుందని డాక్టరమ్మ అంటే, అందరి నోళ్ళూ తెరిపించి చూశాను. "వదినా, నీకు పళ్ళ డాక్టరు ఉద్యోగం ఎప్పుడిచ్చినారు?" అని వరహాలు వెక్కిరించింది. పళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. నాలుకే కాస్త పొడుగు.

ఏదీ తేలకపోయేసరికి అందరూ తల్లి మీద పడతారు. ఏం తిన్నావు, ఏం ఎత్తావు, ఎందుకు అంత వేగంగా నడిచావు, ఎవరితో పోట్లాడావు. రత్నాలుని ఈ ప్రశ్నలు అడిగినవాళ్ళలో ముగ్గురు ఆడవాళ్ళే. నాకు ఒళ్ళు మండి ముగ్గురినీ వార్డులోంచి బయటికి పంపేశాను. నా నోటికి ఈ ఊళ్ళో మంచి పేరు లేదు. ఉండక్కర్లేదు.

వరహాలుకి బీపీ కొంచెం పెరిగింది. రక్తం తక్కువ. రెండు నెలలుగా ఐరన్ మాత్రలు మింగిస్తున్నాను, ఒంటికి పట్టడం లేదు. అప్పుడప్పుడూ కడుపులో మెలిపెడుతోందంటుంది. తను సరిగ్గా తినడంలేదేమోనని ఇవాళ భోజనం వేళకి వాళ్ళింటికి వెళ్ళాను.

మా మావయ్య ముత్యాలయ్య కూతురి ఎదుట కూర్చుని రాగి గిన్నెలోంచి గోంగూర చారు వడ్డిస్తున్నాడు. మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. మూడో నెల దాటగానే కడుపుతో ఉన్న పిల్లకి చారు గిన్నె పెడతారు. ఆడవాళ్ళు పాట పాడతారు, గాజులు తొడుగుతారు, గిన్నె ఒళ్ళో పెడతారు. కాన్పయ్యేదాకా తన చారు అందులోనే కాగాలి, ఇంకెవరూ అందులో వేలు పెట్టకూడదు. మొదట్లో గిన్నెలు భూమి నుంచి వచ్చేవి. సామాన్ల ఓడలో గిన్నెలకి చోటు లేదని ఆపేశాక మావయ్యే కొట్టి ఇస్తున్నాడు. ఆయనది శ్రీకాకుళం వైపు రాగి, కంచు గిన్నెలు కొట్టే కంచరి కుటుంబం. పాడైన గొట్టాల్లోని రాగిని సాగగొట్టి, లోపల తగరంతో తెల్లగా కళాయి వేసి, అద్దంలా మెరిపించి ఇస్తాడు. ఆయన గిన్నె రాలేదంటే అలిగే కోడళ్ళున్నారు.

"తాగమ్మా, నిన్నటి సారు. నేటికి ఊరి మరీ బాగున్నాది" అంటున్నాడు.

"నాన్నా, ఇది నాలుగో గ్లాసు."

"కడుపుతో ఉన్న పిల్ల పులుపడిగితే పెట్టకపోతే ఎలాగే? మీ అమ్మ నువ్వు కడుపులో ఉన్నప్పుడు పచ్చి గోంగూర నమిలీసినాది."

తండ్రీ కూతుళ్ళు అటు తిరిగినప్పుడు నేను గరిటె నాకాను. వార్డులో ఎన్ని రూల్స్ చెప్పినా ఇంట్లో నేనూ కోడలినే. గోంగూర పులుపు నాలుక మీద కొట్టలేదు. చివర్లో సన్నటి తీపి తేలింది. అందరూ అనే ముత్యాలయ్య గిన్నె మహిమ ఇదే కాబోలు అనుకున్నాను.

వరహాలుకి ఇరవై ఎనిమిదో వారం

భూమ్మీది కమిటీ నుంచి ఆర్డరు వచ్చింది. కారణం వాళ్ళు తేల్చేశారట. ఈ గ్రహం మీద మనిషి బరువు మూడో వంతే కాబట్టి, ఏళ్ళ తరబడి ఇక్కడున్న ఆడవాళ్ళ ఒళ్ళు బిడ్డని నిండా మోయలేకపోతోందట. ఇకమీదట కడుపుతో ఉన్నవాళ్ళందరూ పైన గిరగిరా తిరిగే కేంద్రానికి వెళ్ళి, అక్కడ పూర్తి బరువుతో ఉండి కనాలి. వరహాలు మూడు వారాల్లో రాకెట్ ఎక్కాలి.

డాక్టరమ్మ ఆర్డరు చదివి కళ్ళజోడు బల్ల మీద పడేశారు. "ఏడు నెలల కడుపుతో, బీపీతో, రాకెట్ ఊపుళ్ళలో! దారిలోనే నొప్పులు మొదలైతే ఎవరు చూస్తారు?" అన్నారు. పైన డాక్టర్లున్నారు. దారిలో ఎవరూ లేరు.

వరహాలు మొగుడు రాజేరు మంచు తవ్వే చోట పని చేస్తాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి. ఇవాళ ఆస్పత్రికి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. "అక్కా, ఇంకేదైనా కారణం దొరికితే ఆపుతారా?"

"ఆపుతారు. రుజువుతో చూపించాలి."

"అయితే చూపించు" అని వెళ్ళిపోయాడు. అంత తేలిగ్గా. నాకు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. నేను డాక్టర్ని కాను. నేను పాదాలు ముట్టుకుని చూసే మనిషిని.

వరహాలుకి ఇరవై తొమ్మిదో వారం

తొమ్మిది కాన్పుల్లో నెలలు నిండినది జుబేదా ఒక్కతికే. రాళ్ళ పరీక్ష గదిలో పని చేస్తుంది. ఇవాళ వాళ్ళబ్బాయిని తూచడానికి వెళ్ళాను. బుగ్గలు బూరెల్లా ఉన్నాయి, నా చేతిని కొరకబోయాడు. ఇన్నాళ్ళూ జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళల్లోనే కారణం వెతికాను. బాగున్న మనిషిని ఏమీ అడగలేదని అక్కడ కూర్చున్నాక తోచింది.

ఆవిడేమైనా జాగ్రత్తలు తీసుకుందా అంటే, ఒక్కటీ లేదు. తొమ్మిదో నెలలో కూడా రాళ్ళ పెట్టెలు ఎత్తింది. అవే నీళ్ళు, అదే గాలి, అదే బరువు. అత్తగారితో రోజూ పోట్లాట.

"చిగుళ్ళు?" అన్నాను, ఇంకేం అడగాలో తెలీక.

"నా చిగుళ్ళ నుంచి ఇప్పటికీ రక్తం వస్తుందక్కా" అని నవ్వింది.

లేస్తుంటే గట్టు మీద మావయ్య కొట్టిన చారు గిన్నె కనిపించింది. అందులో మట్టి పోసి పుదీనా వేసింది.

"ఇదేంటే? మావయ్య చూస్తే గుండె పగిలి పోతాడు!"

"మావయ్యతో చెప్పకు అక్కా, నీకు దండం పెడతాను. నాకు పోపు వాసన వస్తే వాంతే. చారు మాట ఎత్తితేనే పరిగెత్తేదాన్ని. తొమ్మిది నెలలూ క్యాంటీన్ స్టీలు ప్లేటులో పెరుగన్నమే. ఇంత అందమైన గిన్నె ఖాళీగా ఉంచడమెందుకని..."

ఆ తర్వాత ఏమందో నాకు వినపడలేదు. గరిటె చివరి తీపి నాలుక మీదికి వచ్చింది. ఆ గిన్నెలో చారు కాసుకుని తాగింది కడుపుతో ఉన్నవాళ్ళే. ఇంకెవరూ వేలు పెట్టరు. ఊళ్ళో ఇంకెవరికీ ఏమీ కాకపోవడానికి అదేనా కారణం?

వరహాలు ఇంటికి వెళ్ళి, పొయ్యి మీదున్న గిన్నెని చారుతో సహా ఎత్తుకొచ్చాను. "వదినా, నా సారు!" అని వెనక నుంచి అరుస్తూనే ఉంది. జుబేదా దగ్గర చేతిలో పట్టుకునే యంత్రం ఒకటుంది. రాయికి ఆనించి మీట నొక్కితే అందులో ఏ లోహం ఎంతుందో చెబుతుంది. గిన్నె లోపలి తెల్లటి పూతకి ఆనించింది. తగరం వచ్చింది. దాని కింద సీసం వచ్చింది. తను నమ్మక మూడు చోట్ల పెట్టి చూసింది. మూడు చోట్లా సీసమే, దాదాపు తగరంతో పోటీపడుతూ.

"ఈ గ్రహం మీద రాళ్ళల్లో ఇంత సీసం నేనెప్పుడూ చూడలేదక్కా. తగరం ఎక్కడ తెచ్చాడు మావయ్య?"

ఓడలో తగరం రాదు. నేను జవాబు చెప్పకముందే తనకి తట్టింది. పాడైపోయిన యంత్రాల బోర్డులు గోదాంలో గుట్టలుగా పడి ఉన్నాయి, వాటి అతుకుల మీద తెల్లగా మెరిసే టంకం ఉంటుంది. వట్టి తగరంతో అతికితే ఏళ్ళు గడిచేకొద్దీ దాని మీద వెంట్రుకల్లాంటి తీగలు మొలిచి యంత్రం చెడిపోతుందట. అంతరిక్షానికి పంపేవాటిలో అందుకే సీసం కలుపుతారట. పులుపు తగిలితే ఆ సీసం కరిగి చారులోకి దిగుతుంది, నాలుకకి తియ్యగా తగులుతుంది. రాత్రంతా ఊరితే ఇంకా ఎక్కువ దిగుతుంది.

డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ వరహాలు రిపోర్టులన్నీ మళ్ళీ ముందు వేసుకున్నారు. "మాత్రలకి రక్తం పెరగకపోవడం, బీపీ, కడుపులో మెలిపెట్టడం... అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి పైడీ. సీసం తల్లిని దాటి బిడ్డ దగ్గరికీ పోతుంది. ఈ నేలలో ఉన్న విషాలన్నిటికీ మన దగ్గర పరీక్షలున్నాయి. మనం మోసుకొచ్చినవాటికి లేవు" అన్నారు.

అదే వారం, మర్నాడు

మావయ్యకి నేనే చెప్పాలి. మా ఆయన తన వల్ల కాదన్నాడు. కొడుకు కదా.

వెళ్ళేసరికి కొత్త గిన్నె కొడుతున్నాడు. వంటగదిలో పని చేసే ఒక పిల్లకి రెండో నెలట. సుత్తి ఆపమన్నాను. ఆపాడు.

"మావయ్యా, కళాయికి తగరం ఎక్కడిది?"

"ఇంకెక్కడిదమ్మా? సచ్చిపోయిన బోర్డుల మీద మెరుత్తాది గదా, అది కరిగించినాను. మా అయ్య కాలంలో తగరం కడ్డీలొచ్చీవి. ఇక్కడేటొస్తాది? తెల్లగుంది, బాగా పారతాది. తగరమే గదేటి?"

అంతా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పాను. ఆయన సుత్తిని ఒళ్ళో పెట్టుకుని, దాని పిడిని బొటనవేలితో రుద్దుతూ విన్నాడు.

"అయితే రత్నాలు గుంట..." అన్నాడు, పోయిన పాపని తలుచుకుని.

అబద్ధం చెబుదామనిపించింది. నాకు అబద్ధాలు రావనేం కాదు. కానీ ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు.

"అదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరు మావయ్యా. అది కాదని నేను చెప్పలేను."

"వరహాలుకి నానే తాపించినాను. రోజూ. గ్లాసు నోటికాడ పెట్టి మరీ." అని సుత్తి పక్కన పెట్టాడు. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. కాసేపటికి లేచి చెప్పులు వేసుకున్నాడు.

"పద. గిన్నిలన్నీ తెచ్చీద్దాం."

"నేను తెస్తాను, మీరు కూర్చోండి."

"ఇచ్చింది నానైతే నువ్వు తెచ్చీదేటి?"

వరహాలుకి ముప్పయ్యో వారం

ఇంటింటికీ వెళ్ళాం. ప్రతి గుమ్మం ముందూ ఆయన ఒకటే మాట అన్నాడు. "నా గిన్నిలో ఇసం ఉన్నాది. నాకు తెలీక పెట్టీసినాను. ఇచ్చీయండి." ఒకావిడ గిన్నెని ఆయన కాళ్ళ దగ్గరికి విసిరింది. ఇంకొకావిడ నమ్మలేదు, ఇవ్వనంది, ఆ గిన్నె తన ఇంటికి శుభమంది. ఆవిడతో నేను గొంతు పెంచాల్సి వచ్చింది. రాజేరు మాత్రం మామగారిని చూసి లోపలికి వెళ్ళిపోయాడు. తప్పనలేను.

రత్నాలు ఇంటికి మాత్రం వెళ్ళొద్దన్నాను. ఆయన వినలేదు.

రత్నాలు గిన్నెని కడిగి బట్టలో చుట్టి పెట్టుకుంది. లోపల పాప టోపీ ఉంది. ఆయన చెప్పిందంతా విని, టోపీ తీసి, గిన్నె ఆయన చేతిలో పెట్టింది. ఎంత మాట అంటుందోనని నేను ఆయనకి అడ్డంగా జరిగాను.

"ఆ వేళ నీళ్ళ డబ్బా ఎత్తినాను మావా" అంది. "పక్కింటి రాజమ్మ ఎత్తొద్దంది. నేనే ఎత్తినాను. దానివల్లే పాప పోయిందనుకున్నాను. మా ఆయనకి కూడా సెప్పనేదు."

ఆపైన మాట్లాడలేక గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. అంతసేపు ఏడ్చిన మనిషిని నేను చూడలేదు. మావయ్య వెళ్ళడానికి వెనక్కి తిరిగాడు. రత్నాలు ఆయన పంచె అంచు పట్టుకుంది, వదల్లేదు. ఆయన గుమ్మంలోనే కూర్చున్నాడు. కారణం వెతకడం రుజువు కోసం, ఆర్డరు ఆపడం కోసం అనుకున్నాను. ఈ మనిషి ఇన్నాళ్ళూ ఆ డబ్బాని మోస్తూనే ఉందని నాకు తట్టలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

వరహాలుకి ముప్పై రెండో వారం

డాక్టరమ్మ పంపిన రిపోర్టుకి కమిటీ జవాబిచ్చింది. క్షమాపణ లాంటిదేమీ లేదు. వరహాలు ఇక్కడే కనవచ్చట, మిగతావాళ్ళ సంగతి ఆ తర్వాత చూస్తారట. రాకెట్ వరహాలు లేకుండానే వెళ్ళింది.

సంతోషించాలి. కానీ గిన్నె మానగానే సీసం ఒళ్ళు వదిలిపోదు. ఎముకల్లో దాక్కుంటుందట. క్యాల్షియం, ఐరన్, పాలు, విశ్రాంతి. ఇంతకంటే చేయగలిగింది లేదు. "ఒక్కో వారం గడిస్తే బిడ్డ ఊపిరితిత్తులకి అంత బలం" అన్నారు డాక్టరమ్మ. వారాలు నా చేతుల్లో ఉంటే ముందుకి తోసేద్దును.

మావయ్య కూతుర్ని చూడటానికి రావడం లేదు. వరహాలు రోజూ అడుగుతోంది. నిన్న కబురు పెడితే వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. "నాన్నా, లోపలికి రా, నేనేటి నిన్ను కొరుకుతానా?" అంది. బాగున్నావా అని అడిగి అక్కణ్ణుంచే వెళ్ళిపోయాడు. వరహాలు ముఖం గోడవైపు తిప్పుకుంది. నేను దుప్పటి సర్దాను, ఇంకేం సర్దగలను.

వరహాలుకి ముప్పై అయిదో వారం

పొద్దున్న నొప్పులొచ్చాయి. నెలలు నిండలేదు. అయినా ఎనిమిది దాటించాం. బీపీ బాగా పెరగడంతో డాక్టరమ్మ ఆపరేషన్ చేశారు.

ఆడపిల్ల. రెండు కిలోలకి కాస్త తక్కువ. పుట్టగానే ఏడవలేదు. వీపు రుద్దాను, అరికాళ్ళు తట్టాను. ఇంకోసారి తట్టాను. అప్పుడు చిన్నగా, విసుగ్గా ఒక కేక వేసింది. మా ఇంటి పిల్లే, అనుమానం లేదు.

వరహాలుకి రక్తం చాలా పోయింది. రాజేరు రక్తం ఇచ్చి కళ్ళు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నానికి రక్తం ఆగింది, తను మత్తులో ఉంది, గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పాక నేను కూర్చుని మంచినీళ్ళు తాగాను. అప్పుడు మళ్ళీ పిల్ల పాదాలు ముట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

ఉన్న రెండు ఇంక్యుబేటర్లలోనూ ఏడో నెలలో పుట్టిన పాతవాళ్ళే ఉన్నారు, ఇంకా తీయడానికి వీల్లేదు. ఈ పిల్లకి ఇప్పుడు కావలసింది మనిషి ఛాతీ. ఒంటికి ఒళ్ళు ఆనించి, పైన దుప్పటి కప్పి, కదలకుండా పట్టుకోవాలి. ఆ వెచ్చదనంలో ఊపిరి కుదురుతుంది, పక్కనే గుండె చప్పుడు వింటూ ఊపిరి మరిచిపోదు. తల్లీ తండ్రీ ఇద్దరూ మంచాల మీదున్నారు. నేను మిగతా ఇద్దరికీ పాలు పట్టాలి.

వరండాలోకి వచ్చాను. మావయ్య గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలీదు.

"రండి. పిల్లని పట్టుకోవాలి."

రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. "నా సేతులొద్దమ్మా. ఈ సేతుల్తో ఏటి సేసినానో నీకు తెల్సు గదా. ఇంకెవుర్నైనా పిలు."

"చొక్కా విప్పండి."

"పైడీ..."

"చేతులెవరడిగారు మావయ్యా? పిల్ల చల్లబడిపోతోంది. చొక్కా విప్పి కూర్చోండి!" ఆస్పత్రంతా వినపడేలా అరిచాను.

విప్పాడు. కుర్చీలో కూర్చున్నాడు. పిల్లని ఆయన ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, తల ఒక పక్కకి తిప్పి, దుప్పటి చుట్టాను. ఆయన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. నేనే ఒక్కొక్కటి పట్టుకుని దుప్పటి మీద పెట్టాను. పిల్ల ముక్కుతో ఆయన ఎముకల మధ్య ఏదో వెతుక్కుని, దొరికినట్టు ఆగిపోయింది. అప్పుడు ఏడ్చాడు ఆయన, ఛాతీ కదలకుండా, గొంతులోనే.

మిగతా ఇద్దరికీ పాలు పట్టి వచ్చాను. దుప్పటి ఎత్తి పాదాలు ముట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. ఆయన తల ఎత్తకుండా, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎన్నాళ్ళు ఇలా కూకోవాలమ్మా?"

"నెలలు నిండేదాకా మావయ్యా."

ఆయన పిల్ల కదలకుండా నెమ్మదిగా వెనక్కి జరిగి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.